నాలుగోది

మూడు చక్రాలు ఒక తల్లి బిడ్డలు.
నాలుగోది పెంపకానికొచ్చింది.

బెల్లం మండీలో ఏడు నెలల జీతం బాకీకి
దొరస్వామి మొదలియారు తాళంచెవి నా చేతిలో పెట్టి
చేతులు దులుపుకున్న బండి,
అరవై ఎనిమిది నాటి ఫియట్.
ఒకప్పుడు లేత ఆకుపచ్చ.
ఇప్పుడు పాత లెక్కల పుస్తకం అట్ట ఎట్లుంటాదో అట్ల.
స్టెప్నీ ముందే అమ్ముకున్నాడు.

లెక్కలు రాసేదాన్ని. తేడా ఉంటే నిద్ర రాదు.
వీల్‌కప్పులు ఊడదీసి, కిరసనాయిల్‌తో కడిగి
టైలరు టేపు పెట్టి కొలిచినా.
పద్నాలుగు అంగుళాలు, నాలుగూ ఒకటే.
బోల్టు రంధ్రాలు నాలుగు, అవీ సరే.
గాలి పోయే సందులే
మూడింటికి బాదంకాయ మాదిరి,
నాలుగోదానికి గుండ్రంగా, చొక్కా గుండీ మాదిరి.
లోపలి అంచున కొట్టిన అంకెల మీద
తెల్లకాగితం పరిచి పెన్సిలు రుద్దితే
మూడు కాగితాల్లో ఒకటే నెల, ఒకటే ఏడు.
నాలుగో కాగితం మీదికి తుప్పొచ్చింది.
ఆఖరికి సుత్తితో తట్టి చూసినా.
ఖంగ్. ఖంగ్. ఖంగ్.
డబ్.

గ్రీమ్స్‌పేటలో పాత ఇనుము జిలానీ
గుట్ట మీదికెక్కి ఒక్కో రిమ్మూ కిందికి దొర్లించినాడు.
"అంబాసిడర్‌ది. జీపుది. ఇది మారుతి, పసిబిడ్డ.
ఫియట్‌వి ఇంకా యాడుండాయమ్మే,
కరిగి కమ్మీలై మీ మిద్దెలోనే ఉంటాయి పో."
కాట్పాడి రోడ్డులో ఉందన్నారు, పోతే
చెరుకురసం బండి కింద తిరగతా ఉండాది,
గుండీ సందులదే.
వేలూరికి బస్సెక్కినా. అరవంలో బేరమాడినా.
వాడు వెండిరంగు పూసి చూపించిన ముసలిదాన్ని
గోటితో గీకితే పెచ్చు ఊడి
అవతల వీధి కనిపించింది.

ఎనిమిది నెలలు.
ఎవరింటికి పోయినా నా చూపు గోడవారనే.
"పెండ్లిచూపుల్లో కూడా ఇంత చూడలేదు గదే నువ్వు,"
అనింది మా చెల్లెలు మునెమ్మ.

బంగారుపాళెం దాటినాక, మొగిలి ఘాటు ముందర
పంచరు. అవును, ఆ నాలుగోదే.
జాకీ ఎత్తతా ఉంటే
మామిడితోపు అవతల నుంచి
ఖంగ్.
చేతిలో స్పానరు నిలిచిపోయింది.
ఆ మోత నాకు తెలుసు.
నా బండి కింద మూడుండాయి.

ప్రైమరీ బడి. వరండా దూలానికి గొలుసుతో
బాదంకాయ సందుల చక్రం,
దాన్ని కొట్టేదానికి లారీ బోల్టు,
కింద వరసలో పిలకాయలు.
గుణవతి టీచరు నన్ను కిందికీ పైకీ చూసింది.
చీర కుచ్చిళ్ళకు గ్రీసు, చేతుల్లో కాగితం, పెన్సిలు.
"గంటనా? మా గంట కావాలనా?"
రుద్దినా. అదే నెల. అదే ఏడు.
ఒక పాప అడిగింది, "అత్తా, అది నీదా?"
ఏం చెప్పేది. లెక్కప్రకారం కాదు.

మారకానికి ఒప్పుకున్నారు.
నాలుగోది వాళ్ళకు, పైన రెండు గంపల బెంగళూరా కాయలు,
బడి బీరువాకు కొత్త తాళం.

నలభై ఏండ్లు ఒకేచోట తిన్న దెబ్బలకు
అంచు లోపలికి వంగిపోయింది.
మిట్టూరు దేవరాజులు దాన్ని తొడమీద పెట్టుకుని తడిమి,
"దీనికి పుత్తూరు కట్టే" అని నవ్వి,
కొయ్యసుత్తితో, నిద్రపోయే బిడ్డ వీపు తట్టినట్ల
మూడు దినాలు తట్టినాడు.
వంపు పోయింది. అంతా పోలేదు.

ఇప్పుడు నాలుగూ మీగడ రంగు.
ఎవురూ కనిపెట్టలేరు.
యాభై దాటితే మాత్రం స్టీరింగు వణకతాది,
ఎడమపక్క ముందరి చక్రానికి
బడి టయమైనట్ల.

నిన్న గుణవతి టీచరు ఫోను.
"మీ చక్రం మోత తోపు దాటడం లేదమ్మా.
అవతలి ఇండ్ల పిలకాయలు వచ్చేసరికి
లెక్కల పీరియడ్ అయిపోతా ఉండాది."

పొద్దున్నే గ్రీమ్స్‌పేటకు పోయినా.
రైలుపట్టా ముక్క, మూరెడు చాలన్నా.
జిలానీ గుట్ట ఎక్కి నిలబడి
"కొలత చెప్పమ్మే" అన్నాడు.
టేపు సంచిలో నుంచి తీయలేదు.
"ఒక్కోదాన్నీ కొట్టు" అన్నా.
"వింటా."